అరువు బ్రేకులు

డుంబ్రిగుడ దగ్గర మాకు కొద్దిగా కాఫీ తోట ఉంది. రెండేళ్ల క్రితం నా మోటారు సైకిలుకు పదిహేనేళ్లు నిండాయి. రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే రవాణా ఆఫీసు తనిఖీలో బండి పాసవ్వాలి. నా బ్రేకు షూలు పూర్తిగా అరిగిపోవడంతో, అదే రకం బండి ఉన్న మా తోడల్లుడివి అడిగి తెచ్చి బిగించాను. పాసయ్యాక వాటిని విప్పి ఇచ్చేసి, నా పాతవే మళ్లీ వేసుకున్నాను.

ఆ వారమే నా భార్యతో టైడా వైపు ఘాట్ రోడ్డు దిగాల్సి వచ్చింది.

"బ్రేకులు పడతన్నాయేటి?" అని అడిగింది.

"పాసైన బండే ఇది. బేగి ఎక్కు" అన్నాను.

ఒక మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. ఎంత తొక్కినా బ్రేకు పట్టలేదు. లోయలో పడకూడదని బండిని కొండవైపు కాలువలోకి తిప్పేశాను. ఆమె చెయ్యి విరిగింది. రోడ్డు పక్కన కూర్చుని నిజం చెప్పేశాను.

ఆమె ఏడవలేదు. "ఆఫీసోళ్లకి మంచి బ్రేకులు, నాకు అరిగిపోయినవా?" అంది.

చెయ్యి అతుక్కుంది. కొత్త బ్రేకులు వేయించి చాలాసార్లు బండి మీద రమ్మన్నాను. "ఆటో ఉంది కదా" అంటుంది. సంతరోజు తను ఆటోలో వెళ్తుంటే, వెనకే నేను బండి మీద వెళ్తాను. మలుపు రాగానే నా భుజం గట్టిగా పట్టుకునే ఆ చెయ్యి, ఇప్పుడు ఆటో కమ్మీని పట్టుకుని కనిపిస్తుంది.