నాలుగో తలుపు ఇచ్చిన సాక్ష్యం

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా, దసరా వెళ్లిన మూడో రోజు, హిందూపురంలోని ఒక పట్టు నూలు ఫ్యాక్టరీకి వెళ్లి తలుపుల రిపోర్టు తీసిచ్చి రమ్మని మా ధర్మవరం సర్వీసు కేంద్రం నుంచి నాకు ఆదేశం వచ్చింది. అప్పటికి నేను సీనియర్ టెక్నీషియన్ని. హోదా పేరు ఘనంగానే ఉండేది గానీ, చేతిలో స్క్రూడ్రైవరూ భుజాన నిచ్చెనా మాత్రం మొదటి రోజు నుంచీ అవే. మా ఇల్లు పెనుకొండలో కాబట్టి హిందూపురం వైపు పనులన్నీ నా నెత్తినే పడేవి.

ఆ ఫ్యాక్టరీలో కార్డు తలుపులు బిగించింది నేనే, అదే ఏడాది శ్రావణంలో. మొత్తం నాలుగు తలుపులు. నాలుగోది పట్టు నూలు నిల్వ ఉంచే గది.

కార్డు చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది, అందులో ఏముందిలే అనుకుంటారు చాలామంది. అంత సులువైతే నాకు జీతమెందుకు ఇస్తారు? గోడ మీద కనిపించే రీడరు కార్డులోని నంబరు చదివి ఊరుకుంటుంది, అంతే. ఆ నంబరుకు ఈ తలుపు దాటే అనుమతి ఉందా, ఈ వేళలో ఉందా అని తేల్చేది లోపలి పెట్టెలో ఉండే మాడ్యూలు. ఉంటే తలుపు పైనున్న అయస్కాంతపు తాళానికి ఐదు సెకన్లు కరెంటు ఆపుతుంది. ఆలోపు లాగితే తలుపు వస్తుంది, లాగకపోతే మళ్లీ బిగుసుకుంటుంది. ఎవరి కార్డు, ఏ తలుపు, ఎన్ని గంటలకు అన్నదంతా నెట్‌వర్క్ తీగ మీదుగా ఆఫీసు కంప్యూటరుకు చేరుతుంది. ఆ చిట్టాను మేము లాగ్ అంటాం.

యజమాని శ్రీకంఠప్ప గారు నన్ను చూడగానే కుర్చీ చూపించి, విషయం సూటిగా చెప్పారు. ఆయుధపూజ సెలవుల తర్వాత నూలు గదిలో ఒక కట్ట తగ్గింది. సెలవుల్లో ఆ తలుపు తెరిచిన కార్డు ఒక్కటే, స్టోరు చూసే లక్ష్మీదేవమ్మది. కంప్యూటరులో ఆమె పేరు నాలుగుసార్లు కనిపిస్తోంది. నేను రిపోర్టు అచ్చు తీసి సంతకం పెడితే, ఆయన ఆమెను పనిలోంచి తీసేసి, ఆ కాగితం పట్టుకుని పోలీసుల దగ్గరికి పోతారు.

లక్ష్మీదేవమ్మ తలుపు పక్కనే నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి, పదకొండేళ్లుగా అక్కడే పని. ఏడవడం లేదు. కోపంగా ఉంది.

"నేను పూజ పొద్దు గుడిబండలో మా అవ్వకాడ ఉంటి సార్. ముందు రోజే కార్డు ఓబులేసన్న చేతికిచ్చి బస్సెక్కితి. నా కార్డు నేను లేకుండా ఎట్ల తలుపు తీస్తుంది? మీరే చెప్పండి, పెట్టింది మీరే కదా" అంది.

వాచ్‌మన్ ఓబులేసును పిలిపించారు. పూజకని అందరి కార్డులూ తనే పోగుచేశాననీ, కుప్పలో ఎవరిది ఉందో ఎవరిది లేదో చూడలేదనీ చెప్పాడు. పోగుచేసినవాటిని మాత్రం పరాయి మనిషి తాకలేదని దేవుడి మీద ఒట్టేశాడు. ఆ ఒట్టుతో పాపం ఆమె పని ఇంకా చెడింది. ఎవరూ తాకనప్పుడు ఆమె కార్డు ఇచ్చి ఉండదని యజమాని తేల్చేశారు.

నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. లాగ్‌లో ఆయుధపూజ రోజు ఉదయం ఎనిమిది నలభై ఒకటికి మొదలై నాలుగు వరుసలు, అన్నింటి ఎదురుగా 'ప్రవేశం' అనే మాట. సంతకం పెట్టేసి మధ్యాహ్నం బస్సు పట్టుకోవచ్చు. కానీ సెకన్ల గడి చూసేసరికి నా బుర్రలో పురుగు తొలిచింది. నాలుగు ప్రవేశాలూ కలిపి అర నిమిషం కూడా లేవు. దొంగతనానికి వచ్చిన మనిషి అర నిమిషంలో నాలుగుసార్లు గదిలోకి ఎందుకు పోతుంది? లోపల తిరునాళ్ల జరుగుతోందా?

లేచి నాలుగో తలుపు దగ్గరికి నడిచాను. రీడరు మీద మూడు పసుపు గీతలు, మధ్యలో కుంకుమ బొట్టు. పైన ఎండిపోయిన బంతిపూవు ఒకటి.

"ఏమప్పా ఓబులేసూ, దీనికీ పూజ చేస్తివా?" అని అడిగాను.

"చెయ్యకుంటే ఎట్ల సార్! మగ్గాలోళ్లు మగ్గానికి చేస్తారు, లారీకి చేస్తారు. మాకు కార్డు లేకుంటే గేటు కూడా దాటనియ్యరు, అదీ పనిముట్టే కదా. కార్డులన్నీ చాటలో పెట్టి, ఈయప్పకు హారతి తిప్పినట్ల మూడు నాలుగు తూర్లు తిప్పితిమి" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "తిప్పినప్పుడంతా కుయ్యిమనింది సార్. పచ్చ లైటు కూడా ఎలిగింది. దేవుడు పలికినాడని అందరం దండం పెట్టుకుంటిమి" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. యజమానికి మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజు ఆయన ధర్మవరం దుకాణంలో పూజకు కూర్చున్నారు, ఇక్కడ జరిగింది చూడలేదు. అయితే ఓబులేసు పూజ ఫోటో తీసి ఆయన ఫోనుకే పంపాడట. వెతికితే దొరికింది. వచ్చిన సమయం ఎనిమిది నలభై రెండు. పెద్దది చేసి చూశాం. చేట నిండా నీలం రిబ్బను కార్డులు, అంచు మీద మాత్రం ఆకుపచ్చ పట్టు పీలిక కట్టిన కార్డు ఒకటి. లక్ష్మీదేవమ్మ రిబ్బను ఎప్పుడో తెగిపోతే పాత చీర అంచు చించి కట్టుకుందని ఆ ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు.

అయినా చేసి చూడందే నేను నమ్మను. కార్డులన్నీ తెప్పించి చేటలో పోసి రీడరు ముందు పెట్టాను. ఏమీ పలకలేదు. ఒకేసారి పది కార్డులు ఎదురైతే అన్నీ కలిసి గోల చేసినట్టవుతుంది, ఈ రకం రీడరు దేన్నీ చదవలేదు. యజమాని గడియారం చూసుకున్నారు.

"అట్ల కాదు సార్, ఈడ ఇయ్యండి" అని ఓబులేసు చేట లాక్కున్నాడు. పచ్చ పీలిక కార్డును ఫోటోలో ఉన్నట్టే అంచున పెట్టి, హారతిలాగా గుండ్రంగా తిప్పాడు. అంచు ముందుగా రీడరు దగ్గరికి వచ్చింది, మిగతా కార్డులు ఇంకా దూరంగానే ఉన్నాయి. కుయ్యిమంది. పచ్చ లైటు వెలిగింది, పైన తాళం టక్కుమని వదిలింది. ఎవరూ తలుపు లాగలేదు. ఐదు సెకన్లకు మళ్లీ బిగుసుకుంది. కంప్యూటరులో చూస్తే లక్ష్మీదేవమ్మ పేరు, ఎదురుగా 'ప్రవేశం'.

"తలుపే తీయలేదు కదయ్యా, ప్రవేశమని ఎట్ల రాస్తుంది?" అన్నారు శ్రీకంఠప్ప గారు.

అదీ అసలు ప్రశ్న. దానికి జవాబు నా దగ్గరే ఉంది, సిగ్గుపడుతూ చెప్పాను. తలుపు నిజంగా కదిలిందా లేదా అని కనిపెట్టడానికి చౌకట్టుకూ తలుపుకూ ఒక జత సెన్సారు బిగిస్తాం. శ్రావణంలో నాలుగు తలుపులకు మూడు జతలే వచ్చాయి. తర్వాత పెడదాంలే అని నాలుగో తలుపుకు ప్రోగ్రాంలో 'సెన్సారు లేదు' అని పెట్టేశాను. అలా పెడితే, కార్డు సరిపోయిన ప్రతిసారీ మనిషి లోపలికి పోయినట్టే మాడ్యూలు అనుకుంటుంది. పని పూర్తయిన పత్రంలో మాత్రం నాలుగు తలుపులకూ సరే అని గీత కొట్టాను. తర్వాత ఆ సంగతే మరిచిపోయాను.

"అయితే ఇన్నాళ్లూ నీ డబ్బా చూడంది కూడా చూసినట్ల చెప్తాండాదా?" అని ఆయన గొంతు పెంచారు. అవునన్నాను. మరి కట్ట ఎవరు తీసినట్టని అడిగారు. అది నా పెట్టెకు తెలియదన్నాను. ఆ కట్ట సంగతి చివరికి ఏమైందో నాకు ఈనాటికీ తెలియదు.

సంతకం పెట్టాను గానీ ఆయన అడిగిన కాగితం మీద కాదు. కార్డు చదివినట్టు మాత్రమే రుజువుందనీ, తలుపు తెరిచినట్టు లేదనీ, సెన్సారు పెట్టకపోవడం నా తప్పేననీ రాసి సంతకం చేశాను. శ్రీకంఠప్ప గారు రెండుసార్లు చదివి, లక్ష్మీదేవమ్మతో "పోమ్మా, పని చూసుకో" అన్నారు. క్షమించమని అనలేదు.

ఆమె చేటలోంచి తన కార్డు ఏరుకుని, కుంకుమ తుడుచుకుని మెళ్లో వేసుకుంది. నన్ను మెచ్చుకుంటుందేమోనని ఓ మూల ఆశపడ్డాను, అబద్ధమెందుకు.

"శ్రావణంలోనే మీరు ఆ సెన్సారు పెట్టింటే నేనీ మాట పడేదాన్నా సార్?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్లిపోయింది.

మరునాడు సెన్సారు తెచ్చి బిగించాను. సర్వీసు కేంద్రం నుంచి సంజాయిషీ మెమో వచ్చింది, న్యాయమే. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్న రెండేళ్లూ ఎవరు రిపోర్టు అడిగినా, ఈ యంత్రం దేన్ని చూడలేదో మొదటి వరుసలో రాసి, ఆ కిందే అది చూసింది రాశాను.