ఆ గుండె చప్పుడు నాది కాదని చెప్పిన మల్లిక

నిన్న పొద్దున డ్యూటీకి బయలుదేరుతుంటే ఫోన్ మోగింది. మల్లిక చెల్లెలు సుజాత.

"అక్కా, మల్లక్క పోయిందక్కా."

నాకు అర్థం కాలేదు. "యాడికి పోయింది?" అని అడిగాను.

నిజంగా అలాగే అడిగాను.

"కొత్తచెరువు రోడ్డులో ఆటోను లారీ గుద్దేసింది. ఆస్పత్రికి తీస్కపోయేలోపలే అయిపోయిందక్కా."

హెల్మెట్ చేతిలో పట్టుకుని మెట్ల మీదే కూలబడ్డాను.

తనను సాగనంపి వచ్చి ఇది రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

మల్లిక తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. తనది ధర్మవరం. వాళ్ల నాయన పట్టుచీరలు నేసేవాడు. అనంతపురంలో నర్సింగ్ ఇద్దరం కలిసి చదివాం. హాస్టల్‌లో ఒకే గది. మా బ్యాచ్‌లో పిరికిది ఎవరంటే అందరూ తన వైపే వేలు చూపించేవాళ్లు.

లేబర్ రూమ్‌లో మా మొదటి పోస్టింగ్ గుర్తొస్తోంది.

తల్లి పొట్ట పైభాగాన అరచెయ్యి ఆనించి ఉంచమని మా మేడం నేర్పారు. పొట్ట గట్టిపడితే నొప్పి మొదలైనట్టు, మెత్తబడితే వదిలినట్టు. ఎంతసేపు ఉంది, మళ్లీ ఎంతసేపటికి వచ్చింది, గడియారం చూసి చెప్పాలి. నొప్పి వదలగానే డాప్లర్ మిషన్ పొట్ట మీద పెట్టి బిడ్డ గుండె వినాలి. అది తల్లి నాడి కంటే చాలా వేగంగా కొట్టుకోవాలి. నెమ్మదిస్తే ప్రమాదం.

వజ్రకరూరు వైపు నుంచి ఒకామె తొలి కాన్పుకు వచ్చింది. మల్లిక డాప్లర్ పెట్టింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మేడం! బిడ్డ గుండె నిలిచిపోతాంది మేడం!"

ఆ కేకకు మంచం మీద ఉన్నామె బావురుమంది.

మేడం పరుగున వచ్చి విన్నారు. మల్లిక వేళ్లు పట్టుకుని ఆ తల్లి మణికట్టు మీద పెట్టారు. డాప్లర్‌లో చప్పుడు, చేతి కింద నాడి, రెండూ ఒకే వేగం. తను విన్నది తల్లి నాడి! డాప్లర్ కొంచెం పక్కకు జరపగానే బిడ్డ గుండె గబగబా వినిపించింది.

మేమంతా చాలా రోజులు నవ్వుకున్నాం. మల్లిక నవ్వలేదు. ఆ తల్లి ఏడుపే చెవుల్లో ఉందని ఆ పూట అన్నం కూడా తినలేదు. అప్పటి నుంచి బిడ్డ గుండె వినే ప్రతిసారీ ఒక చెయ్యి తల్లి మణికట్టు మీద ఉండేది. మళ్లీ ఎప్పుడూ లేబర్ రూమ్‌లో గొంతు పెంచలేదు.

కొన్నేళ్లకు నా కాన్పు.

కదిరిలో నేను చేరిన ఆసుపత్రిలోనే మల్లిక స్టాఫ్ నర్సు. నేనూ నర్సునే కాబట్టి ధైర్యంగా ఉంటానని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. ఏమేం జరగొచ్చో తెలిసినవాళ్ల భయం వాళ్లకేం తెలుసు?

మిట్టమధ్యాహ్నం. నొప్పులు పెరగడానికి డ్రిప్ పెట్టారు. పొట్టకు మానిటర్ బెల్టులు కట్టారు. బిడ్డ గుండె చప్పుడు గదంతా వినబడుతోంది. నా నొప్పి సంగతి నాకు పట్టలేదు. ఆ చప్పుడే వింటూ పడుకున్నాను.

ఒక నొప్పి వచ్చింది. పోయింది. పొట్ట మెత్తబడింది.

చప్పుడు మాత్రం నెమ్మదించింది. వెంటనే తేరుకోలేదు.

ఇంకో నొప్పి. ఈసారి మరీ నెమ్మది.

ఒక్క ఆశ మిగిలింది.

"మల్లీ, అది నా నాడేమో చూడుమే. నీకు ఆ పొద్దు అయినట్ల."

తను నా మణికట్టు పట్టుకుంది. నా నాడి భయంతో దడదడలాడుతోంది. మిషన్‌లో చప్పుడు అంతకన్నా నిదానం.

"కాదుమే. నీది కాదు. బిడ్డదే."

చెబుతూనే నన్ను ఎడమ పక్కకు తిప్పింది. డ్రిప్ ఆపేసింది. డాక్టరమ్మను పిలుచుకు రమ్మని ఆయాను తరిమింది.

"ఊపిరి నిదానంగా తీసుకో. నేను యాడికీ పోను."

డాక్టరమ్మ వచ్చి మానిటర్ చూశారు. క్షణం ఆలోచించలేదు. ఆపరేషన్ అన్నారు.

థియేటర్‌లో నడుముకు ఇంజక్షన్. ముఖం ముందు తెర. బిడ్డను బయటికి తీశారని తెలుస్తోంది.

ఏడుపు లేదు.

"ఏడ్చలేదేం మల్లీ?"

తన చూపు నా మీద లేదు. "మెడకు పేగు చుట్టుకోనుండాది. చూస్తాండారు. ఏదైనా నేనే చెప్తా."

ఎంతసేపో నాకు తెలియదు. అంత భయం నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు.

తర్వాత పిల్లికూనలా ఒక మూలుగు. ఆ వెంటనే ఏడుపు. పెద్ద ఏడుపు.

మల్లిక నా నుదురు మీద చెయ్యేసి, "ఆడపిల్లమే" అంది. బయటికి పోయి వాంతి చేసుకుందని ఆయా నాతో తర్వాత చెప్పింది.

"నీకే అంత భయమైతాంటే నాకు నిజం ఎందుకు చెప్తివే?" అని ఒకసారి అడిగాను.

"నువ్వు అడిగితివి కదా" అంది. అంతే.

ఆ తర్వాత మల్లిక నర్సింగ్ స్టూడెంట్స్‌కు ట్యూటర్ అయింది. ఇవాళ పొద్దున ధర్మవరంలో తనను సాగనంపడానికి వెళితే, ఆ పిల్లలంతా యూనిఫామ్‌లో వచ్చి గోడవారగా నిలబడి ఉన్నారు.

ఒకమ్మాయి నా దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"మేడం, సోమవారం నుంచి మాకు లేబర్ రూమ్. పక్కనే ఉంటానని మల్లిక మేడం చెప్పినారు. ఇప్పుడు మాకు శానా భయమైతాంది."

"నేనొస్తాలే" అన్నాను.

అన్నానే గానీ, నాకూ భయంగానే ఉంది. ఇన్నేళ్లలో ఏ కేసులో అనుమానం వచ్చినా ఫోన్ తీసి మల్లికకు చేసేదాన్ని. ఇకమీద అవతల ఎత్తేవాళ్లు లేరు.

నా కూతురు స్కూల్ నుంచి రాలేదు ఇంకా. దానికి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

పోయిరా మల్లీ. ఎవరికేమవుతుందోనన్న దిగులు లేని చోట కంటినిండా నిద్రపో. నీ ఆత్మ చల్లగా ఉండాలి.