ల్యాండింగు ఆయప్ప

మారతహళ్ళిలో మా కింది ఇంట్లో బాడుగకుండిన ఆయప్పను అందరూ నేవీ సారు అనేవాళ్ళు. నాకు మాత్రం ల్యాండింగు ఆయప్పే. కొత్తలో "ఏం పని చేస్తాంటివప్పా?" అని అడిగితే "ల్యాండింగులో ఉంటినక్కా" అనె. ఈ ఊర్లో ల్యాండంటే ఇంగేముండాది? "నాకూ ఒక థర్టీ ఫార్టీ ఇంటి సైటు చూసిపెట్టప్పా" అంటి. నవ్వీ నవ్వీ మెట్ల మీద కూలబడినాడు.

"సైట్లమ్మే పని కాదక్కా! మా ఓడ ఇసక దాకా పోయి నోరు తెరుస్తాది. సిపాయిలు లారీలతో సహా ఒడ్డుకు దిగుతారు."

ఓడ వదిలి ఎన్నేండ్లయినా, ఒడ్డు తగలంగానే తలుపు కొట్టి కేకేసే అలవాటు పోలే. బస్సు గానీ లిఫ్టు గానీ ఆగితే చాలు, అరచేత్తో దబదబా కొట్టి "నేల తగిలింది, దిగండి!" అని అరుస్తాడు. లిఫ్టులో ఆడపిల్లోల్లు కెవ్వుమనేవాళ్ళు.

పోయిన వానల్లో మా వీధి చెరువైపాయ. ఆ పొద్దే నా బిడ్డకు నొప్పులొచ్చినాయని ఆస్పత్రి నుంచి ఫోను. తొలి కానుపు, తండ్రి లేని బిడ్డ, నేను పక్కనుండాల. నడుము లోతు నీళ్ళు చూసి ఏడుస్తాంటే, ఆయప్ప యాడి నుంచో ట్రాక్టరు పిలుచుకొచ్చి ట్రాలీలోకి పట్టినంతమందిని ఎక్కించె. నీళ్ళు లేని ఫ్లైఓవరు మెరక కాడ ట్రాలీని వెనక్కి తిప్పించి, వెనక తలుపు దబ్బుమని కిందికి ఇడిసినాడు.

"నేల తగిలింది, దిగండి!"

అందరికంటే ముందు నేనే ఉరికినా. తిరిగి చూస్తే ఆయప్ప దిగలే. ఇంకొంతమందిని తెచ్చేకి, పెండ్లికొడుకు మాదిరి నవ్వుకుంటా నీళ్ళలోకే పోతాండాడు.

ఆస్పత్రిలో నా తడిసిన చీర చూసి బిడ్డ "ఈదుకుంటా వచ్చినావామ్మా?" అనె.

"లే, యుద్ధానికి దిగినట్టు దిగినా" అంటి.

అంత నొప్పిలోనూ పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే పుట్టింది నా మనవరాలు.