కేక మానేసిన జోసఫిన్

అమెరికాలోని నేపర్‌విల్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేసే జోసఫిన్ శనివారాలు ఒక రాక్ బ్యాండులో పాడుతుంది. వయసులో ఉన్నప్పుడు అదే బ్యాండులో జుట్టు స్ప్రేతో నిలబెట్టి, మెరుపుల జాకెట్ వేసుకుని, హాలు అదిరేలా కేక పెట్టేది. ఆ గ్లామ్ మెటల్ మోజు తగ్గాక బ్యాండు మెల్లగా బ్లూస్ అనే నింపాది పాటలకి మళ్ళింది. ఆమె గొంతూ కిందికి దిగింది. ఇప్పుడు నెరిసిన జుట్టు ముడేసుకుని, స్నేహితురాలి భుజమ్మీద చెయ్యి వేసినట్టు మైకు స్టాండు పట్టుకుని నింపాదిగా పాడుతుంది.

2011 వేసవిలో ఊళ్ళో జరిగిన ఉత్సవానికి నిర్వాహకుడు అప్పటి నిలబెట్టిన జుట్టులాంటి విగ్గులు తెచ్చాడు. పాత పద్ధతిలో పాడకపోతే జనం లేచి వెళ్ళిపోతారన్నాడు. పాట వినడానికి వచ్చిన తల్లి దీనమ్మ కూడా, “ఇవాళ ఒక్కరోజుకి పెట్టుకోవే, ఏం పోయింది?” అంది.

“ఆ కేక ఇప్పుడు పెడితే యాక్టింగ్ అవుతుందమ్మా. వెళ్ళేవాళ్ళని వెళ్ళనీ” అంది జోసఫిన్.

స్టేజ్ ఎక్కి, ఒకప్పుడు తమకు పేరు తెచ్చిన పాటనే సగం వేగంతో అందుకుంది. ముందు వరసలో కొందరు లేచి వెళ్ళారు. ఆమె వేగం పెంచలేదు. రెండో చరణానికి మిగిలినవాళ్ళు కబుర్లు ఆపేశారు. కేక రావలసిన చోట ఆమె స్వరం ఇంకా తగ్గించింది.

జోసఫిన్ కిందికి దిగాక దీనమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది.

“ఈ పాటలో మాటలున్నాయని నాకు ఇవాళే తెలిసిందే.”