పాతరలో ఎండ

ముందే ఒప్పుకుంటున్నాను, నేను కోతలు కోస్తాను. నేను చెప్పే లోతుల్లో సగమూ, బరువుల్లో నాలుగోవంతూ నమ్మితే మీకేమీ నష్టం రాదు.

అవి యుద్ధపు రోజులు. రొంపిచెర్లలో మా పక్కింటి పెద్దమ్మకు వాకిట్లో జొన్నల పాతర ఉండేది. నేలలో తవ్విన గొయ్యి. పైన మనిషి దూరేంత సందు, లోపల ఊళ్ళో పశువులన్నీ పట్టేంత కడుపు. ఆమె ఒక్కగానొక్క కొడుకు పటాలంలో చేరి బర్మా వైపు వెళ్ళాడు. ఏడాదిన్నరగా ఉత్తరం లేదు. టపా మనిషి వీధి మలుపు తిరిగితే చాలు, పెద్దమ్మ చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది.

ఒకరోజు పొద్దున పాతర అడుగున మిగిలిన జొన్నలు తీయాల్సి వచ్చింది. ముందురోజే మూతబండ తీసి చెడుగాలి పోనిచ్చారు. దీపానికి కిరసనాయిలు చుక్క దొరకదు. ఇరవయ్యేళ్ళవాణ్ణి, బలం కంటే గొప్పలెక్కువ. నన్ను మోకు కట్టి దింపారు. ఆదిశేషుడి తోక తొక్కానేమో అనుకున్నాను, అంత లోతు. నా చెయ్యి నాకే కనబడలేదు.

నేను బాబాయ్ అని పిలిచే పెద్దమ్మ మరిది, షావుకారు కొట్లోంచి నాలుగెడ్లు లాగాల్సిన నిలువుటద్దం తెచ్చి పైన నిలబడ్డాడు.

"ఏందిరా, ఏమన్నా కనపడతాందా?"

"నేనున్నానో లేదో నాకే తెలవటంలా బాబాయ్!"

"నీ మొగం చూసుకోటానిక్కాదయ్యా అద్దం తెచ్చింది! ఎండ లోపలికి కొట్టు," అని పెద్దమ్మ మరిదిని కసిరింది.

అద్దం వంగింది. ఎండ ముక్క గోడ మీద పడగానే గోడ పుట్టింది. జొన్నల మీద పడితే జొన్నలు పుట్టాయి. వాటికి సొంత వెలుగెక్కడిది? పైనుంచి వచ్చినదాన్నే కాస్త నా కంటికి తిప్పి పంపుతున్నాయి. ఎండ పక్కకు జరిగితే మళ్ళీ లేకుండా పోతున్నాయి. అక్కడే ఉన్నాయని తెలిసినా ఒళ్ళు జలదరించింది.

తర్వాత ఆ ఎండ నా ముఖం మీద పడింది. దుమ్ముకొట్టి తెల్లబడ్డ ముఖం. పెద్దమ్మ పాతర అంచు పట్టుకుని వంగింది.

"ఎప్పుడొచ్చావు నాయనా? చానా చిక్కిపోయావే."

పైన అద్దం కాస్త కదిలింది. నా ముఖం మీద ఎండా వణికింది.

"ఇప్పుడేనమ్మా," అన్నాను. ఆమె నవ్వింది.

నేను కల్పించింది ఆ జవాబూ, ఆ నవ్వూ. మిగతాది సాగదీశానంతే. నిజానికి నేను ఎండలోంచి ఒక్క అడుగు పక్కకు వేశాను.

"ఏడీ నా బిడ్డ? ఇప్పుడే గదా ఉన్నాడు! తిప్పు, అద్దం ఇంకాస్త తిప్పు," అని పైన ఆమె అంటూనే ఉంది. బాబాయి తిప్పుతూనే ఉన్నాడు. ఆ ఎండ ముక్క గోడంతా తడుముకుంటూ నా వైపు వస్తుంటే, నేను తప్పుకుంటూనే ఉన్నాను.