కొత్తగూడ పోలీసు పటేల్ సమ్మె కట్టిన వైనం

ఉత్త "పటేలా" అని పిలిస్తే కొత్తగూడ వీరేశం పలికేవాడు కాదని చెప్పను గానీ, కాస్త ఆలస్యంగా పలికేవాడు. అదే "పోలీసు పటేలా" అంటే అవతలివాళ్ల నోట్లో మాట పూర్తి కాకముందే "ఆఁ" అనేవాడు. ముందు తగిలే ఆ పోలీసు అన్న మాటంటే ఆయనకు అంత ప్రాణం. ఇప్పుడు ఫ్లైఓవర్ కింద ఆటోలు కిక్కిరిసే చౌరస్తా చుట్టూ అప్పట్లో ఉన్నవి బండరాళ్లు, జొన్నచేలు, కొన్ని పెంకుటిళ్లు. ఆ ఇళ్ల శాంతిభద్రతలన్నీ తన భుజాల మీదే ఉన్నాయని ఆయన మనసారా నమ్మేవాడు.

ఊళ్లో నేరాలు మరీ ఎక్కువేమీ కావు. ఆయన హయాంలో ఒక్క మేక పోయింది. దాని కోసం మాదాపూర్ దాకా వెళ్లి, ఎదురైనవాళ్లందరినీ గద్దించి, గొంతు బొంగురుపోయి తిరిగి వచ్చేసరికి అది దొడ్డి వెనక పడుకుని నెమరు వేస్తోంది. "చూసిన్రా, నా గొంతు వినంగనే ఇడిసిపెట్టిన్రు" అన్నాడు వీరేశం. ఎవరూ కాదనలేదు. కాదన్నందువల్ల మేకకు గానీ, మేక గలవాళ్లకు గానీ ఒరిగేదేమీ లేదు.

నిజానికి పోలీసు పటేల్ అంటే పోలీసు కాదు. తండ్రి తరవాత కొడుక్కి వచ్చే ఊరి కొలువు. ఎవరు పుట్టారో ఎవరు పోయారో సర్కారుకు తెలపాలి, ఊళ్లోకి కొత్త మనిషి వస్తే ఠాణాకు కబురు పెట్టాలి. సర్కారు అందుకిచ్చేది బీడీలకు కూడా చాలదు. వీటన్నిటికన్నా పెద్ద పని మరొకటి ఉండేది. ఠాణా నుంచి ఎవరైనా వస్తే మంచం వేయించాలి, నీళ్లు తోడించాలి, కోడిని కోయించాలి.

ఆ కోడి ఎవరింటిదన్నది వంతు ప్రకారం నడిచేది. పోయినసారి ఎవరిచ్చారు, ఈసారి ఎవరివ్వాలి అన్న సంగతి వీరేశం బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. ఒకే గడపను వరసగా రెండుసార్లు తొక్కేవాడు కాదు. మొగుడు పోయిన ఆడవాళ్ల ఇళ్లు వదిలేసేవాడు. పొదుగుతున్న పెట్టను ముట్టుకునేవాడు కాదు. ఇంత ధర్మంగా కోళ్లు పట్టే పటేల్ చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ లేడని ఆయన గర్వం. అందులో అబద్ధం కూడా లేదు.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో ఉత్తరాదిన పోలీసులు జీతాలు చాలడం లేదంటూ రోడ్డెక్కారు. ఆ కబురు కొత్తగూడకు నర్సింహ హోటల్ గుండా వచ్చింది. హోటల్ అంటే ఒక పొయ్యి, రెండు బల్లలు, ఒక పేపరు. పేపరు సీతారామయ్యది. ఆయన గుంటూరు వైపు మనిషి, గచ్చిబౌలి దగ్గర కొత్తగా కడుతున్న యూనివర్సిటీలో గుమాస్తా, ఊళ్లో గది కిరాయికి తీసుకుని ఉంటున్నాడు. ఆయన పేపరు పైకి చదివినంతసేపూ నర్సింహ టీ ఊరికే పోసేవాడు. అందుకని ఆయన ప్రకటనలు కూడా చదివేవాడు.

"కాపాడాల్సినవాళ్లే పని మానేస్తే ఎలాగండీ?" అన్నాడు సీతారామయ్య, కళ్లజోడు తుడుచుకుంటూ. "రేపు దొంగ వస్తే మనం ఎవరితో చెప్పుకోవాలండీ?"

"ఆళ్లకు మాత్రం పొట్ట లేదా సారూ?" అన్నాడు నర్సింహ. "పెండ్లాం పిల్లలు ఆళ్లకు గూడ ఉంటరు. సర్కారు జర మంచిగిస్తే మనోళ్ల మీద పడి తినుడన్న తగ్గుతది."

"ఏడ తగ్గుతది? జీతం పెరిగితే ఆకలి గూడ పెరుగుతది" అన్నాడు వెనక బల్ల మీది రాజయ్య.

ఊరు అక్కడికక్కడే రెండు పక్షాలైంది. దుక్కులకు వాన కోసం చూడడం తప్ప వేరే పని లేని రోజులు కాబట్టి వాదనకు తీరిక బాగానే దొరికింది. యూనిఫారం వేసుకున్నవాడికి సమ్మె హక్కు ఉందా లేదా అని ఒక పూట, యూనిఫారం విప్పేస్తే వాడు మామూలు మనిషేనా కాదా అని ఇంకో పూట గొంతులు చించుకున్నారు. ఢిల్లీలో కూడా ఇంత లోతుగా ఆలోచించి ఉండరు.

వీరేశం ఇదంతా విని గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. "మా జీతాల బాధ మీకేం తెలుస్తది?"

నర్సింహ టీ వడపోస్తున్నవాడు ఆగిపోయాడు. "మీ జీతాలా! మరి నువ్వు గూడ జెయ్యరాదు పటేలా సమ్మె?"

"జేస్త. నాకేం భయమా?"

"జేస్తవు గని, జేసినట్టు ఎవలకు తెలుస్తది?"

హోటల్ గొల్లుమంది. సీతారామయ్య మర్యాదస్తుడు కాబట్టి పేపరు అడ్డం పెట్టుకుని నవ్వాడు. వీరేశం ముఖం మాడిపోయింది. "రేపటి సంది నేను సమ్మె. నేను లేకుంటే ఊరు ఎట్ల నడుస్తదో నేను గూడ చూస్త" అని చరచరా ఇంటికి వచ్చేశాడు.

ఇంట్లో భార్య నీలమ్మ సంగతంతా విని, "సమ్మె అంటే ఏం బంద్ జేస్తవయ్యా?" అంది.

"పని."

"ఏం పని?"

వీరేశం ఆలోచించాడు. ఎంత ఆలోచించినా చటుక్కున చెప్పదగ్గది తట్టలేదు. "అంతా" అన్నాడు చివరికి.

"మంచిగాయె. ఇన్నేండ్ల సంది గొడ్లకొట్టం సాపు జెయ్యమంటే సర్కారు పని ఉన్నదంటివి. ఇగ తీరిక దొరికింది" అని ఆమె చీపురు తెచ్చి చేతిలో పెట్టింది. ఆ విధంగా కొత్తగూడ పోలీసు పటేల్ సమ్మె పేడ ఎత్తడంతో మొదలైంది.

నర్సింహ అన్నట్టే అయింది. సమ్మె ఎవరికీ తెలియలేదు. సూర్యుడు ఎప్పటిలాగే వచ్చాడు, దొంగలు ఎప్పటిలాగే రాలేదు. గోడ తగాదా పెట్టుకుని బుచ్చమ్మా, ఆమె మరిది రాజయ్యా ఒకర్నొకరు తిట్టుకుంటూ వచ్చినప్పుడు వీరేశం ప్రాణం లేచి వచ్చింది. "నేను తీర్పు చెప్పను. సమ్మెల ఉన్న" అన్నాడు గట్టిగా. బతిమాలతారేమోనని అరుగు మీద సర్దుకుని కూర్చున్నాడు. వాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. "ఈయన జెప్పేదేంది, గోడ సగం నాది సగం నీది, పా" అనుకుంటూ వీధి మలుపు తిరగకముందే రాజీ పడిపోయారు. వీరేశానికి ఆ పూట అన్నం సహించలేదు. నర్సింహ ఎగతాళి ఎగతాళి కాదేమో, ఈ ఊరికి తను నిజంగానే అక్కర్లేదేమో అన్న బెంగ పట్టుకుంది. తండ్రి నుంచి వచ్చిన కొలువు, తను ఇన్నేళ్లు మీసం మెలేసిన కొలువు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటేనా?

ఆ వారంలోనే హెడ్ కానిస్టేబుల్ రామ్మోహనరావు ఏదో విచారణ మీద సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. చెమటలు కక్కుతూ దిగి, అలవాటుగా వీరేశం అరుగు మీద కూలబడి, టోపీతో విసురుకున్నాడు. మంచం రాలేదు. నీళ్లు మాత్రం నీలమ్మ తెచ్చి ఇచ్చింది. దప్పికకు సమ్మె వర్తించదని ఆమె అభిప్రాయం.

"ఏమయ్యా పటేలూ, ఇవాళ ఎవరి వంతు?"

"నేను సమ్మెల ఉన్న సాబ్."

రామ్మోహనరావుకు నవ్వీ నవ్వీ పొలమారింది. "సమ్మె కట్టాల్సినవాళ్లం మేమయ్యా! మాకే ధైర్యం చాలక సైకిళ్లు తొక్కుతున్నాం. నువ్వు పోలీసువని నీకెవరు చెప్పారు?"

"పని పడ్డప్పుడు మీరే చెప్తరు సాబ్. జీతం కాడికి వచ్చేసరికి చెప్పరు."

హెడ్ కానిస్టేబుల్ నవ్వు ఆగిపోయింది. "నాకు మాత్రం ఏం ఒరగబెడుతున్నారనుకున్నావ్? కిరాయి కొంప, పెరిగే పిల్లలు. జీతం సరిగ్గా ఇస్తే నేను కోడిని కొనుక్కుని తిననా?" అని గొణిగి, టోపీ పెట్టుకుని తనే కోడి వేటకు బయల్దేరాడు.

మొదట బుచ్చమ్మ ఇంటికి వెళ్లాడు. "నా వంతు మొన్ననే అయింది సాబ్" అంది బుచ్చమ్మ. రాజయ్య, "మా వంతు ఇంక రాలే" అన్నాడు. మరి ఎవరిదంటే, "పటేల్‌కే ఎరుక సాబ్. పటేలేమో సమ్మెల ఉండె" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో. ఆ మాట హెడ్ కానిస్టేబుల్ కంటే ముందే గోడలు దూకి ఊరంతా పాకింది. ప్రతి గడపలోనూ అదే జవాబు. ఇంతలో ఒక పుంజు ఆయన బూట్ల మధ్య నుంచే నడిచి వెళ్లింది.

"ఇదెవరిదే?"

"ఏమో సాబ్. పటేల్ చెప్పాలె."

పుంజును పట్టుకోబోయాడు గానీ, యూనిఫారంలో ఉన్న మనిషి వీధిలో వంగి పరిగెత్తడం ఎలా ఉంటుందో రెండడుగుల్లోనే ఆయనకు అర్థమైంది. చివరికి నర్సింహ హోటల్లో నిన్నటి బన్ను టీలో ముంచుకుని తిని, పైసలిచ్చి మరీ తినాల్సి వచ్చినందుకు ఊరిని తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం హోటల్లో వీరేశానికి మీగడ వేసి టీ ఇచ్చారు. "సమ్మె అంటే ఇలా ఉండాలండీ!" అన్నాడు సీతారామయ్య, సమ్మెలు దేశానికి అరిష్టమని ఆ పొద్దున్నే చెప్పిన మనిషి. రాజయ్య లేచి బల్ల మీద చోటు ఇచ్చాడు. వీరేశానికి సంతోషంతో కళ్లు చెమర్చాయి. ఊరికి తను కావాలి, తెలిసిపోయింది. తరవాత ఇంకో కానిస్టేబుల్ వచ్చి అలాగే పస్తుతో వెళ్లాడు. వీరేశం నడుస్తుంటే ఆడవాళ్లు గడపల్లోంచి నవ్వుతూ పలకరించారు. ఆయన మళ్లీ మీసం మెలేయడం మొదలుపెట్టాడు.

కొన్నాళ్లకు ఉత్తరాదిన అలజడి సద్దుమణిగినట్టు సీతారామయ్య పేపర్లో చదివాడు. "అయితే నా సమ్మె గూడ ఖతం" అన్నాడు వీరేశం, గెలిచినవాడి ఔదార్యంతో. "ఇగ రేపటి సంది పనిల దిగుత."

నర్సింహ మీగడ గిన్నె మీద మళ్లీ మూత పెట్టేశాడు. మర్నాడు పొద్దున్నే బుచ్చమ్మ నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఆయన అరుగు ముందు నిలబడింది.

"పటేలా, నీ కాళ్లు మొక్కుత, సమ్మె ఆపకు."

"ఎందుకే? నేను లేక పరేషాన్ అయితలేరా?"

"పరేషానా! నువ్వు పని బంద్ జేసిన సంది మస్తు సల్లగున్నం. మాకు ఇంక ఏ ఫికర్ లేదు."

వీరేశం మీసం మెలేస్తున్న చెయ్యి దించేశాడు. "మరి నేను ఇన్నేండ్లు ఎంత ధర్మంగ జేసిన! ఒక్కింటి మీద రెండుసార్లు పడ్డనా?"

"పడలే. అబద్ధమెందుకు." బుచ్చమ్మ గొంతులో కోపం ఇసుమంత కూడా లేదు. "గని పటేలా, మీ ఇంటి వంతు ఎన్నడన్న వచ్చిందా?"

రాలేదు. సర్కారు మనిషి ఇంటికి వంతు ఉంటుందన్న ఆలోచనే ఆయనకు ఎన్నడూ రాలేదు. వాళ్లు వెళ్లాక కూడా చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాడు. సిగ్గేసింది. బుచ్చమ్మ ఆ మాట ఎంత సాదాగా అడిగిందో తలుచుకుంటే ఇంకా సిగ్గేసింది.

వీరేశం మంచిదో చెడ్డదో ఒక నిర్ణయానికి వస్తే జాప్యం చేసే మనిషి కాదు. రెండు రోజులకు రామ్మోహనరావు సైకిల్ బెల్లు వినపడగానే ఎదురెళ్లి, "ఇయ్యాల వంతు మా ఇంటిది సాబ్" అన్నాడు. లెక్క సరిచేసుకుంటే మనసు తేలికపడుతుందని ఆయన ఆశ. పెరట్లోకి వెళ్లి నీలమ్మ పెంచుకుంటున్న ఎర్రపెట్టను తనే తరిమి పట్టుకున్నాడు. అది చంకలో కాసేపు కొట్టుకుని ఊరుకుంది. దాని గుండె ఆయన అరచేతికి తెలుస్తూనే ఉంది.

తిరిగి చూస్తే తలుపు దగ్గర నీలమ్మ ఉంది. ఎంత చిన్నదానికైనా ఇల్లు పీకి పందిరేసే నీలమ్మ ఒక్క మాట అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పక్కకు ఒదిగి, దారి ఇచ్చి ఊరికే చూసింది.

ఆ చూపు వీరేశానికి కొత్త కాదు. కోడిని చంకన పెట్టుకుని వచ్చేటప్పుడు ప్రతి గడపలోనూ ఆడవాళ్లు ఇలాగే ఒదిగి, ఇలాగే చూశారు. తనంటే గౌరవం కాబోలనుకుని ఇన్నేళ్లూ ఛాతీ విరుచుకుని నడిచాడు. పెట్టను తెచ్చి నీలమ్మ చేతుల్లో పెట్టి, తల దించుకునే అరుగు మీదికి వచ్చాడు.

"ఏమయ్యా, కోడేదీ?" అన్నాడు రామ్మోహనరావు.

"లేదు సాబ్. మా ఇంట్ల రొట్టె, పచ్చిపులుసు ఉన్నయి. నాతోని కూసొని తిందురు గని లోపలికి రాండ్రి."

హెడ్ కానిస్టేబుల్ ఎర్రగా చూశాడు. వీరేశం కదలలేదు. ఎండ పెళపెళలాడుతోంది, ఠాణా చాలా దూరం. చివరికి రామ్మోహనరావు టోపీ తీసి, "మా ఇంట్లో మాత్రం పరమాన్నాలు వండుతున్నారా?" అంటూ లోపలికి వచ్చి పీట లాక్కున్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. రెండో రొట్టె తుంచుకుంటూ రామ్మోహనరావు అడిగాడు.

"ఇంతకీ ఎన్నాళ్లయ్యా నీ సమ్మె?"

వీరేశం పెరట్లోకి చూశాడు. నీలమ్మ పెట్టను ఒళ్లో పెట్టుకుని చెదిరిన ఈకలు దువ్వుతోంది.

"నా కొలువు ఉన్నన్ని దినాలు సాబ్" అన్నాడు.