సంగటి తిన్నా తగ్గిన ఓబుళమ్మ

1959. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను నర్సుగా చేరి అప్పటికి ఏడాదిన్నర. ఆసుపత్రి అంటే పెద్దగా ఊహించుకోకండి. ముందు వసారా, లోపల రెండు గదులు, ఆరు మంచాలు, మందులు కలుపుకోవడానికి ఒక మూల. నాకు ఇరవై మూడేళ్లు. నోరు మాత్రం యాభై ఏళ్ల గయ్యాళి అత్తగారిది. సూది కన్నా నా మాటకే రోగులు ఎక్కువ భయపడతారని మా డాక్టరుగారు నవ్వేవారు. నేనది మెచ్చుకోలు అనుకుని మురిసిపోయేదాన్ని.

ఈ మధ్య మా పక్కింటి కోడలు అన్నం మానేసి గుడ్లు, మాంసం, నెయ్యి తింటూ, "దీన్ని కీటో డైట్ అంటారు అవ్వా, బరువు నిజంగా తగ్గుతుందా?" అని అడిగింది. పేరు కొత్తది గానీ తిండి పాతదే. మా డాక్టరుగారు ఆ రోజుల్లోనే లావుగా ఉన్నవాళ్లకు ఆ పథ్యం చెప్పేవారు. ఆయనది కృష్ణా జిల్లా, మద్రాసులో చదివి వచ్చారు. అన్నం, రాగి సంగటి, రొట్టె, బెల్లం, పండ్లు బంద్. గింజల నుంచి వచ్చే చక్కెర అందకపోతే ఒళ్లు తన కొవ్వునే కరిగించుకుని వాడుకుంటుందని, అప్పుడు పుట్టేవి కీటోన్లని చెప్పేవారు. వాటిలో ఒకటి అసిటోన్. అది ఊపిరిలో బయటికొస్తే బాగా మాగిన పండు వాసన వేస్తుంది. ఆ వాసన తగిలితే మనిషి పథ్యం సక్రమంగా చేస్తున్నట్టేనని ఆయన నాకు నేర్పారు.

ఓబుళమ్మది పులివెందుల దగ్గర లింగాల. ముప్ఫై అయిదేళ్లుంటాయి. ఇరవై మంది కూలీలకు చేతి మీదుగా వండిపెట్టే రైతు ఇల్లాలు. బొడ్డు దగ్గర హెర్నియా, అంటే పొట్ట గోడ పలచబడి పేగు బయటికి తోసుకొచ్చే జబ్బు. జమ్మలమడుగులో సర్జన్ చూసి, ఇంత లావు మీద కత్తి పెట్టలేను, ముప్ఫై పౌండ్లు తగ్గి రమ్మన్నారట. అందుకని భర్త వీరారెడ్డి ఆమెను మా దగ్గరికి తీసుకొచ్చాడు. మిషను మీద నిలబెడితే నూటా తొంభై ఎనిమిది పౌండ్లు. మూత్రం పరీక్ష చేశాను, చక్కెర లేదు. డాక్టరుగారు పథ్యం చెప్పి, వారం వారం వచ్చి తూగమన్నారు.

మొదటి వారం రెండు పౌండ్లే తగ్గింది.

"ఏం తిన్నావో నిజం చెప్పు" అన్నాను.

"సంగటి ఒక్క ముద్ద తింటి సిస్టరమ్మా. మాయింటి ఆచారం, చేన్లో కూలోళ్లకు పెట్టినప్పుడు, వాళ్లతో పాటు కూచోని నేనూ ఒక ముద్ద తినల్ల. మా అత్త కాలం నుంచి అంతే. పెట్టినామె తినకుండా లేస్తే ఇంటికి మంచిది కాదంటారు."

నాకు ఒళ్లు మండింది. "డాక్టరు దగ్గర, వకీలు దగ్గర దాపరికం ఉండకూడదు కాబట్టి చెప్పావు, మంచిది. కానీ ఇంకోసారి సంగటి ముట్టి మాత్రం ఈ గడప తొక్కొద్దు. డాక్టరుగారికి నీతో ఆడుకునే తీరిక లేదు!" అని వసారాలో అందరి ముందూ దులిపేశాను. ఆమె తల వంచుకుని చెంగు నలుపుకుంటూ నిలబడింది. మర్నాటికి నేనా సంగతి మరిచిపోయాను.

తర్వాతి వారం నుంచి, "ముట్టలేదమ్మా" అనడం, మిషను ఎక్కడం. ముల్లు నిజంగానే దిగుతూ వచ్చింది. నాలుగు, అయిదు, ఏడు పౌండ్లు! డాక్టరుగారి ఆనందం ఇంతా అంతా కాదు. వసారాలో కూర్చున్న లావుపాటి షావుకార్ల భార్యలకు ఆమెను చూపించి, "చూశారా అండీ, పట్టుదలంటే అదీ" అనేవారు. అయిదో వారం ఆమె ఊపిరిలో పండు వాసన వచ్చింది. "కడవలకు కడవలు నీళ్లు తాగతాండా సిస్టరమ్మా, నాలిక పిడచకట్టుకపోతాంది" అంది. ఈ తిండికి దాహం మామూలే అన్నాను. నాకు అన్నీ తెలుసు కదా మరి!

ఏడో వారం వీరారెడ్డి భుజం మీద వాలిపోయి వచ్చింది. కళ్లు లోతుకు పోయాయి. పొద్దున్నుంచి వాంతులు, కడుపులో నొప్పి. ఇద్దరం పట్టుకుని మిషను ఎక్కిస్తే నూటా అరవై రెండు. సర్జన్ అడిగినదాని కన్నా ఆరు పౌండ్లు ఎక్కువే తగ్గింది.

డాక్టరుగారు పొట్ట నొక్కి చూశారు. వాంతులు, నొప్పి అంటే హెర్నియాలో పేగు ఇరుక్కుంటోందేమోనని అనుమానపడ్డారు. "బరువు తగ్గడం మన అదృష్టం. ఇవాళే జమ్మలమడుగు పంపుదాం, వెంటనే ఆపరేషన్ చేసేస్తారు" అంటూ సర్జన్‌కు ఉత్తరం రాయడానికి గదిలోకి వెళ్లారు. వీరారెడ్డి కారు మాట్లాడటానికి బజారుకు పరిగెత్తాడు.

ఆమెను మంచం మీద పడుకోబెట్టాను. పరిగెత్తి వచ్చిన మనిషిలా రొప్పుతోంది. గది నిండా ఆ పండు వాసనే. నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, నేను సచ్చిపోతానేమో. నీకు అబద్ధం చెప్పి పోలేను."

"ఏం అబద్ధం?"

"సంగటి మానలేదు తల్లీ. దినామూ తింటాండా. ఒక ముద్ద కాదు, రెండు. ఆకలికి తట్టుకోలేక బెల్లం గూడా. నిన్నటిదాకా తింటాండా."

నాకు మొదట కోపమే వచ్చింది. దేవుడి మీద ఒట్టు, తిట్టడానికే నోరు తెరిచాను. అప్పుడే లెక్క తట్టింది.

రోజుకు రెండు ముద్దల సంగటి, పైన బెల్లం తినే మనిషి ముప్ఫై ఆరు పౌండ్లు ఎలా తగ్గుతుంది? గింజలు కడుపులో పడుతుంటే, పథ్యం వల్ల వచ్చే అసిటోన్ వాసన ఎక్కడి నుంచి వస్తుంది? పథ్యం చేయని మనిషిలో ఆ వాసన దేనికి గుర్తో నర్సు చదువులో నేను బట్టీ పట్టిన పాఠమే!

"మరి ఎట్లా తగ్గుతున్నాననుకున్నావు?" అని అరిచాను.

"మీ మందు మహిమ అనుకుంటి గదమ్మా" అంది, మూతపడుతున్న కళ్లతో.

అప్పటికప్పుడు మూత్రం పట్టాను. బెనెడిక్ట్ ద్రావణం అని నీలంగా ఉంటుంది. అందులో కొన్ని చుక్కల మూత్రం వేసి దీపం మీద కాచాలి. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. ఉన్నకొద్దీ ఆకుపచ్చ, పసుపు, చివరికి ఇటుక రంగు. మొదటి రోజు నీలంగా ఉందని, ఆ తర్వాత ఈ ఏడు వారాల్లో ఒక్కసారి కూడా నేను చూడలేదు. ఇప్పుడు కాచీ కాచకముందే గొట్టం నిండా ఇటుక పొడి కలిపినట్టు అయిపోయింది.

ఆ గొట్టం పట్టుకుని గదిలోకి పరిగెత్తాను. డాక్టరుగారు ఉత్తరం మడుస్తున్నారు. "ఆమె రోజూ సంగటి తింటోందండి" అన్నాను. ఆయన గొట్టం చూశారు, నన్ను చూశారు.

"మత్తు ఇచ్చి కోసి ఉంటే బల్ల మీదే పోయేది" అన్నారు. ఉత్తరం చించేశారు.

అది షుగరు జబ్బు ముదిరి, చక్కెర ఎంత ఉన్నా వాడుకోలేని ఒళ్లు కొవ్వును కరిగించుకుంటూ పోతే, ఆ కీటోన్లకు రక్తమే పులిసిపోయే స్థితి. ఆమెను కరిగిస్తున్నది మా పథ్యం కాదు, ఆ జబ్బు. ఆమె కరిగిపోతుంటే మేము పొగుడుతున్నాం! మందుల షాపులో ఐసు డబ్బాలో ఉంచిన ఇన్సులిన్ తెప్పించి మొదటి సూది వేసి, సెలైన్ ఎక్కించి, వీరారెడ్డి తెచ్చిన కారులోనే జమ్మలమడుగు తీసుకెళ్లాం. డాక్టరుగారు ముందు కూర్చున్నారు. నేను వెనక సీసా ఎత్తి పట్టుకుని, ఆమె ఊపిరి వింటూ కూర్చున్నాను. దారిలో వీరారెడ్డి మెల్లగా అన్నాడు: "నెల దినాలుగా ఆమె ఒంటికి పోయిన తావున చీమలు పడుతాండాయి. ఆడమనిషి సంగతి, డాక్టరయ్యకు యాడ చెప్పేదిలే అని ఊరుకుంటి." మూత్రంలో చక్కెర ఉందని చీమలకు తెలిసింది, నాకు తెలియలేదు.

రెండు రోజులు ఆమెకు స్పృహ సరిగా లేదు. ఆ రెండు రోజులూ నాకు తిండి సయించలేదు.

పక్కింటి కోడలికి నేను చెప్పింది ఇదే. ఆ పథ్యం నిజంగా చేసినవాళ్లు మా దగ్గర తగ్గారు, కాదనను. మళ్లీ అన్నం మొదలుపెట్టాక చాలామంది తిరిగి లావయ్యారు, అదీ చూశాను. కానీ తగ్గిన ప్రతి మనిషీ దానివల్లే తగ్గిందని నమ్మితే ఓబుళమ్మలాంటి వాళ్లు చచ్చిపోతారు. ముందు రక్తం చూపించుకో, మధ్యలోనూ చూపించుకో.

మూడో రోజు ఆమె కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది. నా ఏడుపు ఆగలేదు.

"సంగటి తిన్యందుకే గదా సిస్టరమ్మా నాకు ఇట్లాయ?" అంది.

"కాదు ఓబుళమ్మా. తిన్నావని చెప్పినందుకే బతికావు."

ఆమె నా మొహంలోకి చూసింది.

"మొదటి వారమూ చెప్తి గదమ్మా. అప్పుడేమో గడప తొక్కొద్దంటివి."

కోపం లేదు ఆ గొంతులో. ఉన్నమాట అనేసి పక్కకు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ముప్ఫై అయిదేళ్లు నర్సుగా చేశాను. తిండి విషయంలో ఏ రోగినీ తిట్టలేదు. తిడితే వాళ్లు తినడం మానరు, చెప్పడం మానేస్తారు.